ప్లాటుకు ఎంత తీసుకోవాలి?

ఆదివారాలు ట్రాక్టర్ కిరాయికి తోలుతున్నా కదా, మా దుండిగల్‌లో ఎకరం రేటు ఇక నడవదు, గంట లెక్కే. పొలంలో ఎకరమంటే 4,840 గజాలు. సాళ్లు పొడుగ్గా పోతాయి, మలుపులు తక్కువ. ఇప్పుడు ఫోన్లన్నీ 200 గజాల ప్లాట్లకే. మూలమూలకూ రివర్స్ గేరు! గడ్డి కింద ఏముందో దేవుడికెరుక. మొన్న బౌరంపేట దిక్కు రోటావేటర్‌కు సెంట్రింగ్ కట్టుతీగ చుట్టుకుంది. ఇంజన్ ఆపి, కింద పండుకుని, కటింగ్ ప్లేయర్‌తో తుంచి తుంచి తీసిన. ఓనర్ సారు మాత్రం "ఆగిన టైముకు కూడా కిరాయేనా అన్నా?" అన్నడు.

ఇంకో తిరకాసు గంటల మీటరు. పాత బండ్లలో అది ఇంజన్ తిరిగే స్పీడును బట్టి కదులుతది, గడియారాన్ని బట్టి కాదు. రేసు తగ్గించి నడిపితే నష్టం నాకే. అందుకే ఫోన్‌లో టైము చూపించి, ఓనర్ సరే అన్నాకే పని మొదలు.

చిన్న ప్లాటైనా కనీసం గంట కిరాయి. గండిమైసమ్మ దాటితే రానుపోను డీజిల్ వేరు. రాళ్లుంటే రోటావేటర్ దించను, కల్టివేటరే. "పక్కూరాయన తక్కువకే చేస్తడు" అంటే ఆయన నంబరు నేనే ఇస్తున్న.

బ్లేడు పెట్టి చదును చేసే పనికి మీ దిక్కు గంటకు ఎంత నడుస్తుంది?