మా నాయనగారి మోటారు సైకిలు

ఈ వార్షిక పత్రికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి పంపుమని నా పూర్వోపాధ్యాయులొకరు నన్ను కోరిరి. యాత్రలనుగూర్చియు మహనీయుల జీవితములనుగూర్చియు వ్రాయుటకు నాకన్న సమర్థులు పెక్కురు గలరు. నాకు తెలిసినది ఒక పాత మోటారు సైకిలు. దానిని విప్పుటయు, బిగించుటయు, విప్పి చెడగొట్టుటయు నే నెఱుగుదును. చెడగొట్టిన సంగతియే ముఖ్యముగా వ్రాయబోవుచున్నాను. ఏలయన అది జరిగిన 2019 వ సంవత్సరమున నా కుమార్తె ఈ పాఠశాలయందే యెనిమిదవ తరగతి ముగించినది, ఆ దినమున నా వెనుక కూర్చున్నదియు ఆమెయే.

మా నాయనగారు లాలాగూడ రైల్వే కర్మాగారమున ఫిట్టరుగా పనిచేసిరి. వారు 1986 లో రాజదూత్ 350 అను బండిని కొని యింటికి తెచ్చిరి. ఆ సాయంకాలము మా యింట అన్నము లాలస్యమయ్యెను. "ఇద్దరు పిల్లల ఫీజులు కట్టవలసినవారు ఈ దున్నపోతును తెచ్చితిరా? దీనికి కుడితి ఎవరు పోయుదురు?" అని మా అమ్మగారు అడిగిరి. అడుగుటలో న్యాయమున్నది. లీటరు పెట్రోలుకు ఇరువదియైదు కిలోమీటరులు నడచినచో మా యింట పండుగయే. నాయనగారు బదులు చెప్పక ముందరి చక్రమునకు నిమ్మకాయ కట్టిరి.

ఈ బండి పుట్టుక జపాను దేశము. అక్కడి యమహా సంస్థవారు 1973 లో ఆర్.డి. 350 అను పేర వేగమునకై దీనిని నిర్మించిరి. మన దేశమున ఎస్కార్ట్స్ సంస్థవారు వారి యనుమతితో 1983 నుండి కొన్ని యేండ్లపాటు తయారుచేసి రాజదూత్ పేరు పెట్టి యమ్మిరి. రెండు సిలిండరులు, 347 ఘన సెంటీమీటరుల ఇంజను, ఆరు గేరులు. మొదట వచ్చినవాని బలము ముప్పది యశ్వశక్తికి కొంచెము పైమాట; మాది తరువాతి రకము, సుమారు 27. నాలుగు గేరుల స్కూటరులకు అలవాటుపడిన మారేడుపల్లి వీధులలో అది పోవుచుండగా కిటికీలు తెఱచుకొనుచుండెడివి.

యమహా యను పేరునకు మూలపురుషుడు మోటారు బండ్లు చేసినవాడు కాడు. తోరకుసు యమహా అను నతడు మరమ్మతు పనివాడు. హమమత్సు పట్టణమున నొక ప్రాథమిక పాఠశాలలో విదేశమునుండి తెచ్చిన హార్మోనియము వంటి ఆర్గను చెడిపోగా, 1887 లో దానిని బాగుచేయుట కతనిని పిలిచిరి. విప్పి చూచిన పిమ్మట అట్టిదానిని తానును చేయగలనని యతనికి తోచెను. ఒక మిత్రుని తోడు చేసికొని ఆర్గను నొకదానిని నిర్మించి, కావడి బద్దకు వ్రేలగట్టి, హకోనే కొండలమీదుగా సుమారు 250 కిలోమీటరులు నడచి టోకియోలోని సంగీత విద్యాలయమునకు మోసికొనిపోయిరి. అచ్చటి పండితులు వాయించి చూచి స్వరములు సరిగా లేవనిరి. అతడు అలిగి మరలిపోలేదు. అక్కడనే ఒక నెల దినములు స్వరశాస్త్రము నేర్చుకొని తిరిగివచ్చి రెండవ ఆర్గనును చేసెను. మోటారు సైకిళ్ల సంస్థ యేర్పడినది ఎంతో తరువాత, 1955 లో. నేటికిని యమహా గుర్తు మూడు శ్రుతిదండములే.

బాలబాలికలారా, మన పాఠశాల సభామందిరమున హార్మోనియమున్నది గదా. దాని పలుచని లోహపు నాలుకలు గాలికి కదలి పలుకును. మా బండి ఇంజనులోనికి పెట్రోలు గాలి పోవు ద్వారమునందును అట్లే సన్నని ఉక్కు రేకులున్నవి. లోనికి పోవు గాలికి తెఱచుకొనును, వెనుకకు రాబోవు గాలికి మూసికొనును. ఇక్కడ పాట లేదు, కాపలా మాత్రమే. ఐనను ఆ పోలిక నా కెప్పుడును ముచ్చటగా నుండును.

ఆదివారము ప్రార్థనకు పోయి వచ్చినవారు వచ్చుచుండగా, పోనివారు నిద్రించుచుండగా, మా నాయనగారు వరండాలో గోనెసంచి పఱచి దానిపై పాత వార్తాపత్రిక వేసి కూర్చుండెడివారు. విప్పిన భాగములను విప్పిన వరుసనే ఎడమనుండి కుడికి పేర్చుదురు. చిన్న మరలు తమలపాకుల డబ్బాలో. ఆ వరుసను నేను తాకరాదు. పాయింట్ల నడుమ సందు 0.35 మిల్లీమీటరు ఉండవలెను. రేకు దూర్చి చూచి, "వినబడినదా?" అని యడిగెడివారు. రేకు జారుటలో శబ్దమేమున్నదని నాకు ఆశ్చర్యము. కొన్నియేండ్లకు నాకును వినబడినది.

జపానువారి మరల తలలయందలి ప్లస్సు గాడి మన బజారున దొరకెడి స్క్రూడ్రైవరుకు సరిగా అమరదు. చూచుటకు రెండును ఒకటే. గట్టిగా త్రిప్పినచో జారి గాడిని కొఱికివేయును. ఈ సంగతి యెఱుగని మేస్త్రీలు ఎన్ని బండ్ల తలలు కొఱికిరో లెక్కలేదు. నాయనగారు ఒక స్క్రూడ్రైవరు మొనను కర్మాగారపు మిత్రునిచేత సానపట్టించి, దానిని గుడ్డలో చుట్టి బీరువాలో దాచెడివారు. మా అమ్మగారి నగలును ఆ యరలోనే.

వారు 2001 లో ఉద్యోగము విరమించిరి. పదునైదేండ్లు నిండిన బండికి అయిదేండ్ల కొకమారు రిజిస్ట్రేషను పొడిగింపవలెను. ఆ పనిని తప్పక చేసికొనుచు వచ్చిరి. 2016 లో వారికి పక్షవాతము వచ్చెను. కుడిచేయి పడిపోయినది, మాట ముద్దగా వచ్చుచుండెను. మొదట వారి మాటలను శ్రద్ధగా వింటిమి. పిమ్మట సగము విని మిగిలిన సగము మేమే ఊహించుకొనుట అలవాటైనది. అప్పటికే బండి దుప్పటి క్రింద ఆరేండ్లుగా నిలిచియుండెను.

2019 వేసవి సెలవులలో దానిని లేపవలెనని నాకు బుద్ధిపుట్టెను. కార్బురేటరులు రెండును కడిగితిని. ట్యాంకులోని త్రుప్పు తీసితిని. గట్టిపడి పగిలిన రబ్బరు గొట్టములు మార్చితిని. వానిలో నూనె గొట్టమొకటి. ఇచ్చట కొంచెము వివరింపవలెను. ఇట్టి టూ స్ట్రోకు ఇంజనులో పిస్టనుకు నూనె పెట్రోలుతోనే పోవలెను. స్కూటరులకు పెట్రోలు బంకునందే నూనె కలిపి పోయించెడివారము. ఈ బండికి ఆ బాధ లేదు. నూనెకు వేరు తొట్టి, దాని క్రింద చిన్న పంపు. మనము ఇంజను వేగము పెంచినకొలది అది నూనెను కొలిచి పంపును. కాని గొట్టము విప్పినప్పుడు దానిలో గాలి చొచ్చును. గాలి యున్నచో పంపు ఊరక ఆడుచునే యుండును, నూనె కదలదు. దానికొఱకు పంపుమీద చిన్న మర యున్నది. అది విప్పి, బుడగలు పోయి వట్టి నూనె వచ్చువఱకు కాచియుండవలెను.

నే నా పని చేయలేదు.

కుర్చీలో కూర్చుండి చూచుచున్న నాయనగారు, "గాలి తీసినావా?" అని యడిగిరి. నాకు చక్రము తలపునకు వచ్చినది. "గాలి ఎందుకు తీయుదును నాయనా, ఇప్పుడే నింపితిని" అని నవ్వితిని. పాపయు నవ్వెను. వారు మరల నోరు తెఱచి, మాట రాక, ఊరకుండిరి.

మరునాడు ఆదివారము. అబిడ్సులో దారిప్రక్కల పాత పుస్తకము లమ్ముదురు గదా, అచ్చటికి పాపను తీసికొని బయలుదేరితిని. నాలుగవ తన్నుకు ఇంజను లేచెను. మొదట పొగ కొంచెము వచ్చి, వెంటనే తేటపడెను. పొగ లేదు, నా పనితన మెంత చక్కనిదని గర్వించితిని. గేటు కడ నాయనగారు సైలెన్సరు వంక చూచి ఎడమచేయి పైకెత్తి ఊపిరి. పోయి రమ్మనుచున్నారని తలచి నేనును చేయి ఊపితిని.

రాణిగంజు దాటి ట్యాంకుబండు ఎక్కితిమి. కుడిప్రక్కన హుస్సేనుసాగరము. ఇంజను ధ్వనిలో సన్నని కీచు వినబడినది, తప్పు మెట్టు నొక్కినప్పటివలె. వేగము దానంతటదే తగ్గెను. ఎందుకని యోచించునంతలో వెనుక చక్రము బిగిసిపోయి బండి అడ్డముగా జారెను. క్లచ్చు పట్టుకొన్నది నా వ్రేళ్లే గాని నా బుద్ధి కాదు. చిన్ననాడు ఆ వ్రేళ్లకు నాయనగారు నేర్పియుండిరి. చక్రము వదలినది. ప్రక్కకు ఒఱిగి పడితిమి. వెనుక వచ్చుచున్న బస్సు బ్రేకుల కేక వేసి, పాప జడకు బారెడు దూరమున నిలిచెను. ఆమె మోకాలు గీసికొనిపోయినది, అంతే. బస్సు నడుపువాడు క్రిందికి దిగి నన్ను తిట్టిన తిట్లు ఈ పత్రికలో వ్రాయదగినవి కావు. ఒక్కటియు అన్యాయమైనది కాదు.

బండిని వెనుకకు రాణిగంజు వఱకు నెట్టుకొని పోయితిమి. అక్కడి సందులలో మోటారు విడిభాగముల దుకాణములకు లోటు లేదు. ఆదివారమైనను, మా నాయనగారెఱిగిన వృద్ధ మేస్త్రి యొకరు ఇంటి ముందరనే కూర్చుండియుండిరి. అందఱును వారిని ఉస్తాదని పిలుతురు. ఉస్తాదు ప్లగ్గు విప్పి వెలుతురులో పెట్టి చూచిరి. పంపునుండి బయలుదేరు గొట్టము ఊడదీసి వ్రేలు పెట్టిరి. వ్రేలు పొడిగా నుండెను. నా వంక తిరిగి, "గాలి తీయలేదా బేటా?" అనిరి.

అక్షరమక్షరము అదే మాట. నేను రోడ్డు అంచున కూర్చుండిపోయితిని. "తాత అడిగినారు కదా నాన్నా" అని పాప మెల్లగా అనెను.

సిలిండరులు విప్పగా కుడి పిస్టను ప్రక్క కరగి ఇనుప గోడకు పట్టుకొనియుండెను. ఎడమదానికిని గీతలు పడినవి. గోడకు పిస్టనుకు నడుమ సందు సుమారు 0.04 మిల్లీమీటరు. తలవెండ్రుకకన్న సన్నని ఆ సందులో నూనె పొర లేనిచో లోహము లోహమును కరచును. పిస్టను కొలత మొదట 64 మిల్లీమీటరులు. నాయనగారు పూర్వమొకసారి బోరింగు చేయించి 64.25 వేయించియుండిరి. ఇప్పుడు 64.50 జత కావలెను. ఎన్నో దుకాణములు తిరిగితిని. ఒకచోట జతలో ఒక్కటే యున్నది. వేరొకచోట ఉన్నది గాని మూలాన త్రుప్పు పట్టిన ఉంగరములతో. మూడవ వారమున ఉస్తాదే ఎచ్చటనుండియో జత సంపాదించి, పాత చొక్కాగుడ్డలో చుట్టి ఇచ్చిరి. ధర అడుగగా, "సారుకు నేను బాకీ ఉన్నాను" అని సగమే పుచ్చుకొనిరి. ఏ బాకీయో నాకు చెప్పలేదు.

అంతవఱకు ఇంటిలో బండి సర్వీసుకు ఇచ్చితినని చెప్పియుంటిని. మా అమ్మగారు నమ్మిరి. పాప మోకాలిని చూచిన నాయనగారు నమ్మలేదని తోచుచున్నది. కడకు మాడిపోయిన పిస్టనును తీసికొనివచ్చి వారి యెడమచేతిలో పెట్టితిని. వారు బొటనవ్రేలితో ఆ గరుకు మీద రెండుమార్లు తడవి, "గాలి" అనిరి.

"అవును నాయనా. మీరు చెప్పితిరి. నేను వినలేదు."

వారు కోపగించుకొనలేదు. కోపగించుకొన్నచో నాకు తేలికగా నుండెడిది.

బిగించు పని వరండాలోనే జరిగినది, వారి కుర్చీ ప్రక్కనే. వారొక్కొక్క మాటకు నాలుగైదు క్షణములు తీసికొనుచుండిరి. మేము చేతులు కట్టుకొని కాచియుంటిమి. పంపు మర విప్పుట పాప వంతు. సానపట్టిన స్క్రూడ్రైవరు బీరువానుండి బయటికి వచ్చినది. బుడగలను ఆమె లెక్కపెట్టెను: పదునేడు. ఇక రాలేదు. చాలునని నేనంటిని. నాయనగారు తల అడ్డముగా త్రిప్పిరి. కొంతసేపటికి పదునెనిమిదవది వచ్చినది.

మొదటి ట్యాంకు పెట్రోలులో జాగ్రత్తకై వేరుగా కూడ నూనె కలిపితిమి. ఇంజను లేవగానే తెల్లని పొగ ఇల్లంతయు క్రమ్ముకొనెను. దండెముమీది బట్టలనుగూర్చి మా అమ్మగారు మాటలాడిరి. ఆ పొగ ఊరికి మంచిది కాదని నేనును ఒప్పుకొందును. అందుచేత ఆ బండిని నెల కొకటి రెండు మార్లకన్న ఎక్కువ త్రోలను. మొదటి అయిదువందల కిలోమీటరులు ఎద్దుబండి నడకయే.

మరల అబిడ్సుకు బయలుదేరిన దినమున గేటు కడ నాయనగారు ఎడమచేయి పైకెత్తిరి. నేను ఇంజను ఆపి, దిగి, వారి కడకు పోయి వంగితిని. పాపయు దిగి వచ్చెను. వారు మాట కూడదీసికొనుటకు చాలసేపు పట్టినది.

"వచ్చునప్పుడు," అనిరి, "మోండా మార్కెట్టులో చింతచిగురు ఉన్నదేమో చూడు."