బోర్డు సదవరాని తొవ్వ

మా ఊళ్లె ఏ తొవ్వ ఎటు పోతదో తెలిసేకంటె ముందే, ఏ తొవ్వల నేను పోవద్దో తెలిసింది నాకు. గడీ ముందటికెల్లి పోవద్దు. పోవాల్సి వస్తే చెప్పులు చేతబట్టుకొని పోవాలె. ఆ చెప్పులు కుట్టింది మా నాయినే. గుడి అరుగు తాకద్దు, చుట్టు తిరిగి ఎనుకకెల్లి పోతే బడి వస్తది. ఇవన్నీ చెప్పే బోర్డు ఊళ్లె ఒక్కటి లేదు. అయినా మాదిగ వాడల పుట్టిన ఐదేండ్ల పోరడు సుత తొవ్వ తప్పడు. తప్పితే వీపు చెబుతది.

ఎయిర్‌పోర్టు సంగతి దీనికి ఉల్టా. అక్కడ తొవ్వలన్నీ బోర్డులే చెబుతయి. గేటు కాడ తుపాకి పట్టుకున్న జవాను అడిగేది టికెట్టు, గుర్తింపు కార్డు. నువ్వెవలోనివిరా అని అడగడు. శంషాబాదుల మొదటిసారి లోపటికి పోయినప్పుడు నాకు ఇదే పెద్ద సంబురం. ఆ నున్నటి బండల మీద చెప్పులతోనే నడిచిన, ఎవలూ పక్కకు జరగమనలేదు. తర్వాత సెక్యూరిటీ కాడ బూట్లు విప్పమన్నరు. నా ముందటున్న సూటాయన సుత విప్పిండు. నాకు నవ్వొచ్చింది. అందరితోని విప్పిస్తే అది తనిఖీ. మా ఒక్కలతోనే విప్పిస్తే అది మా ఊరు.

నాకు సంబురమయిందంటే నాకు అక్షరాలొచ్చు కాబట్టి. నాలుగు అక్షరాలొచ్చి బడిపంతులునయిన. మా వాడకెల్లి గల్ఫ్ పోయే పది మందిల ఎనిమిది మందికి ఆ బోర్డులు వట్టి రంగులు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి దుబాయి, మస్కట్, కువైట్ పోయినోళ్లు ఎవలు? గుంట భూమి లేనోళ్లు, ఉన్నా బోరు ఎండినోళ్లు. పదో తరగతి పాసు కానోని పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు. అంటే కూలికి గల్ఫ్ పోవాలంటే 1983 చట్టం కింద వేరే క్లియరెన్సు కావాలె. ఏజెంట్ల మోసం నుంచి కాపాడటానికే ఆ చట్టం. కాని ఒక్క సంగతి అడుగుత. పదో తరగతి దాకా రాకుండ బడి బయట ఆపిందెవలు? మమ్ముల బర్ల కాడికి, పత్తి చేన్లకు తోలిందెవలు? ఆ లెక్క ఏ పాస్‌పోర్టు మీద రాసుండదు.

మా చిన్నాయన పోయినప్పుడు శంషాబాదు లేదు. అది 2008 మార్చిల మొదలయింది. ఆయన కాలంల మావోళ్లు బస్సెక్కి బొంబాయి పోయి, అక్కడ సహార్ ఎయిర్‌పోర్టుల విమానమెక్కేది. చిన్నాయనకు వేలిముద్రే తప్ప సంతకం రాదు. ఏజెంటు పన్నెండు మంది సంచులకు పన్నెండు ఎర్ర దస్తీలు కట్టి, అందర్ల కొంచెం హిందీ వచ్చిన ఒకన్ని ముందట పెట్టి, వీని ఎనుకనే పోండ్రి అన్నడంట. పన్నెండు మందీ ఎర్ర దస్తీ మీది చూపు తిప్పకుండ పోయిన్రు. ఎవడో చదువుకున్నాయన గొర్ల మంద అని నవ్విండంట. చిన్నాయన ఆ మాట ముప్పై ఏండ్లు యాదికుంచుకున్నడు. "గొర్రెకు బోర్డు అక్కర లేదురా, ముందటి గొర్రె దెలిస్తే సాలు. నవ్వినాయన అక్షరాన్ని నమ్మిండు, మేము మనిషిని నమ్మినం" అనేది.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ల రాసుకున్న సంగతి ఈడ యాదికొస్తది. 1901ల చిన్న పోరడుగ ఉన్నప్పుడు, అన్నతోని, అక్క కొడుకుతోని సతారా నుంచి తండ్రి ఉన్న గోరెగావ్‌కు బయలెల్లి మసూర్ స్టేషన్‌ల దిగిండు. మంచి బట్టలు చూసి స్టేషన్ మాస్టరు బ్రాహ్మల పిల్లలనుకున్నడు. మహార్లమని చెప్పంగనే మొకం మారింది. ఏ బండాయనా ఎక్కించుకోలేదు. ఆఖరికి రెండింతల కిరాయి ఇచ్చి, బండి వీళ్లే తోలుకున్నరు. బండాయన పక్కన నడిచిండు. ఆ పోరనికి అక్షరాలొచ్చు. చేతుల టికెట్టుంది. తొవ్వ మూసింది మనిషే. మా చిన్నాయనకు తొవ్వ తెరిసిందీ మనిషే. ఈ రెండు కథలు పక్కపక్కన పెట్టి చూస్తే బోర్డు మీద నాకున్న నమ్మకం సగమయితది.

2015ల కువైట్‌ల మా తమ్మునికి పనికాడ దెబ్బ తగిలితే తీస్కరానికి పోయిన. దుబాయిల విమానం మారాలె. అక్కడ మూడో టెర్మినల్ ప్రపంచంల అతి పెద్ద భవనాలల్ల ఒకటి. దిగంగనే మళ్ల సెక్యూరిటీ. తర్వాత గేట్లు, ఎ, బి, సి అని వరుసలు. ఎ గేట్లకు నేల కిందికెల్లి రైలెక్కి పోవాలె. బోర్డులు ఇంగ్లీషుల, అరబ్బిల. సదువొచ్చిన నేనే కొంచెంసేపు ఒక్కకాడ నిలబడ్డ. పాయఖాన కాడ మాపు పట్టుకున్న ఒకాయన నా మొకం చూసి "ఏ ఊరన్న మనది?" అన్నడు. నిజామాబాదు దిక్కు మాట. నా పాసు తీస్కొని అంకె చూసి, బోర్డు దిక్కు తలెత్తకుండనే చెప్పిండు: "గా లిఫ్టు దిగు. రైలొస్తది, ఒక్కటే టేషన్. దిగినంక పైకి రా, కుడిచెయ్యి దిక్కు పో. అంకెలు పెరుగుకుంట పోతయి, నీ అంకె వచ్చేదాక ఆగకు." ఊడ్చెటోనికి తెలువని మూల ఏ భవనంల ఉంటది? ఆయన ఆ బండలన్నిటినీ రోజూ తుడుస్తడు, విమానమెక్కేది మాత్రం రెండేండ్లకొకసారి. పోయే ముందట మెల్లగ అడిగిండు, "మీరెవలన్నా?" అని. మాదిగోళ్లమన్న. "మాదీ గదే" అని మాపు పక్కన పెట్టి చెయ్యి కలిపిండు. వేల మంది నడిచే ఆ హాలుల ఇద్దరం ఒక్క నిమిషం వాడల నిలబడ్డట్టే ఉండె.

వచ్చినంక నేనొక పని మొదలు పెట్టిన. వాడకెల్లి ఎవలు పోతున్నా ముందటి రోజు వేపచెట్టు కింద కూసుండబెట్టి, పుల్లతోని నేల మీద ఎయిర్‌పోర్టు గీస్త. నాయిన తోలు మీద పాదం గుర్తు గీసినట్టే. ముందుగాల పెద్ద గేటు, కాయితాలు చేతుల పట్టుకో. తర్వాత సామాను తూచే కౌంటరు. పెద్ద పెట్టె అక్కడ వదిలితే చింత పడకు, అదే వస్తది. కౌంటరుల ఇచ్చిన పాసు పానం లెక్క చూసుకో. తర్వాత పాస్‌పోర్టుకు ముద్ర, ఒంటి తనిఖీ, ఆఖరికి గేటు. పాసు మీద రెండు అక్షరాలు, పక్కన అంకెలుంటయి. గవ్వే టీవీ మీద ఏడున్నయో ఎతుకు. గేటు అంకె మారుతది, విమానం అంకె మారదు.

అంకెలు అందరికీ వచ్చు, కూలి పైసలు లెక్క పెట్టుకున్నోళ్లే గద. అక్షరాలతోనే కష్టం. అందుకని ఎ అంటే గుడిసె, నడుమ దూలం ఉంటది అన్న. బి అంటే రెండు బొజ్జలు. సి అంటే కొడవలి. పోరగాండ్లు నవ్విన్రు, కాని మర్శిపోలేదు. ఇప్పుడు ఫోన్లున్నయి, అందుల అన్నీ ఉన్నయంటరు. అవతలి దేశంల దిగంగనే ఇక్కడి సిమ్ము పని చెయ్యకపోతే ఏం చేస్తరు? ఇంకో సంగతి. చాలా పెద్ద ఎయిర్‌పోర్టులల్ల మైకుల పిలుసుడు తగ్గించిన్రు, లొల్లి వద్దని. సదువొచ్చినోనికి అది నిమ్మళం. సదువు రానోనికి ఉన్న ఒక్క ఆసరా పాయె.

2018ల మా వాడ పోరడు ఒకడు దమ్మాంల గుండె ఆగి సచ్చిపోయిండు. పెట్టె వచ్చేసరికి దగ్గర దగ్గర నెల. వాళ్లవ్వ నాకు అక్క వరుస. నేనూ పోయిన ఎంబడి. కారు దిగంగనే ఆమె అందర్లెక్కనే మనుషులు బయటకొచ్చే దర్వాజ కాడికి పోయి నిలబడ్డది. కంబళ్లు, టీవీ పెట్టెలు తోసుకుంట ఎవలెవలో కొడుకులు వస్తున్నరు. "గీ దర్వాజలకెల్లి రాడా తమ్మీ?" అని అడిగింది. ఏం చెప్పాల్నో తోచలే. నీలం చీర కట్టుకొని ఊడ్చే ఒకామె దగ్గరికొచ్చి, "ఈడ కాదవ్వా. పెట్టెలు కార్గోల వస్తయి, అది వేరే బిల్డింగు, కారెక్కి పోవాలె" అని, చెయ్యి పట్టుకొని బయటి దాకా తోలుకొచ్చింది.

కార్గోల బోర్డింగ్ పాసుండదు. ఎయిర్‌వే బిల్లు ఉంటది. పదకొండు అంకెలు, మొదటి మూడు విమానం కంపెనీవి, తర్వాత ఎనిమిది ఆ పెట్టెవి. ఆ నంబరు, మరణ సర్టిఫికెట్టు, ఎంబసీ కాయితం, రద్దు చేసిన పాస్‌పోర్టు ఉంటే పెట్టె చేతికిస్తరు. నేను కాయితంల నంబరు సదువుతుంటే అక్క పెట్టె మీది అంకెల మీద వేలు జరుపుకుంట వచ్చింది. "ఇందుల వాని పేరేది?" అన్నది. చూపించిన. మొదటి అక్షరం మీద వేలు ఆపింది.

"గిది గుడిసె గద తమ్మీ?"

"అవునక్కా."

వాడు పోయే ముందట వేపచెట్టు కింద గీసినప్పుడు ఆమె దూరంకెల్లి బియ్యం చెరుగుకుంట విన్నదంట.

ఇప్పుడు పోయెటోళ్లకే కాదు, ఇంటికాడ ఉండే ఆడోళ్లకు సుత గీసి చూపిస్తున్న. మనుషులు వచ్చే దర్వాజ ఏడుంటదో, కార్గో ఎట్ల పోవాల్నో, ఏ కాయితం ఎవలను అడగాల్నో. కార్గో గీసేటప్పుడు మాత్రం పోయెటోన్ని అక్కడ కూసోనియ్యరు. చాయ తెమ్మనో, బీడీలు తెమ్మనో పంపుతరు.