వేసవిలో చూపించే స్థలం

ఇళ్ళ స్థలాలు చూడ్డానికి మనల్ని ఏ నెలలో తీసుకెళతారో ఎప్పుడైనా గమనించారా? ఏప్రిల్లోనో, మే నెలలోనో! నేల గట్టిగా ఉంటుంది, హద్దురాళ్ళ మీద సున్నం తెల్లగా మెరుస్తుంటుంది. తూర్పు వాకిలి, వాస్తు అన్నీ కుదిరిపోతాయి. మన నెల్లూరు తీరానికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా! అప్పుడు మాత్రం ఏ ఏజెంటూ కారు పంపడు.

కిందటి వేసవిలో మా ఆడపడుచు నాయుడుపేట పొలిమేరలో ముప్పై అంకణాల స్థలం చూసుకుంది. వాళ్ళాయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుకి తన నాలుగు గాజులూ కలిపితే గానీ సరిపోదు. "వదినా, ఒకసారి నువ్వూ చూడు" అంది. నేను ముందు పటంలో చూద్దామన్నాను.

మన పక్కనే శ్రీహరికోట నుంచి రాకెట్లు పంపే ఇస్రో వాళ్ళు 2009లో 'భువన్' అనే పటాన్ని అందరికీ అందుబాటులో పెట్టారు. పైసా ఖర్చు లేదు. అందులో వరదలకి వేరే విభాగముంది. ఉపగ్రహంలోని రాడార్‌కి మబ్బులు అడ్డు రావు. నిలిచిన నీరు దానికి నల్లగా కనబడుతుంది. ఆ నీరు ఎంతమేర పాకిందో హైదరాబాదులోని రిమోట్ సెన్సింగ్ సెంటర్ వాళ్ళు గుర్తిస్తారు. అయితే ఇందులో ఓ తిరకాసుంది. ఉపగ్రహం మన ఊరి మీదుగా వెళ్ళిన వేళకి నీళ్ళుంటేనే లెక్క. రాత్రి వచ్చి తెల్లారేసరికి తీసిపోయిన వరద దానికి తెలీదు. కాబట్టి పటంలో రంగు లేదని నిశ్చింతగా కూర్చోకండి.

నన్నడిగితే మనలాంటివాళ్ళకి గూగుల్ ఎర్త్ ఇంకా సులువు. అందులో పాత సంవత్సరాల చిత్రాలు కూడా చూడొచ్చు. మేము ఒక ఎండాకాలపు చిత్రం, వానలు వెలిశాక తీసిన చిత్రం రెండూ తీశాం. మొదటిదాంట్లో అది మామూలు బీడు. రెండోదాంట్లో అదే బీడు మధ్య చీర అంచులాగా ముదురాకుపచ్చ చార! పైనున్న చెరువు దగ్గర బయల్దేరి, సరిగ్గా మావాళ్ళు చూసుకున్న ముప్పై అంకణాల మీదుగా స్వర్ణముఖి వైపు పోతోంది. హద్దురాళ్ళు పాతింది ఆ తర్వాతే.

'మీభూమి'లో సర్వే నంబరు కొట్టి కొలతల పటం తీస్తే అక్కడ కాలువ గీత ఉండనే ఉంది. ఈసీ తీయించాం, అంతా బాగుందని ఆడపడుచు అప్పటికే ధీమాగా ఉంది. స్థలం మీద అప్పుందో లేదో ఈసీ చెబుతుంది గానీ, నీళ్ళ సంగతి దానికేం తెలుసమ్మా?

2021 నవంబరులో తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి గట్టున ఓ ఇల్లు నిలువునా ఏట్లోకి ఒరిగిపోవడం టీవీలో మీరూ చూసే ఉంటారు. ఆ ఏరే శ్రీకాళహస్తి దాటి మన నాయుడుపేటకి వస్తుంది.

ఇంతా చూసి అక్కడికి వెళ్ళాం. గేదెలు తోలుకొస్తున్న ఓ పెద్దాయన్ని అడిగితే, "ఇది వాగు గదమ్మా! ఎవరు కొనమన్నారు మిమ్మల్ని?" అని నవ్వాడు. ఏజెంటు మాత్రం తడుముకోకుండా, "నాలుగడుగులు మెరక పోయిస్తాం మేడమ్" అన్నాడు. నిజమే, మనం మెరక వేసుకుంటాం. మరి ఆ నీళ్ళు ఎవరింట్లోకి పోవాలి? పక్కింటి వంటింట్లోకేగా!

అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు గనక సరిపోయింది. ఆడపడుచు గాజులు చేతికే ఉన్నాయి. కార్తీకమాసంలో జోరున వాన పడుతున్న రోజు చూసుకుని, ఊరికి ఇంకో వైపున్న ఇరవై అంకణాల ముక్క చూడ్డానికి ఇద్దరం గొడుగులేసుకుని వెళ్ళాం. ఏజెంటు రానన్నాడు.