ఆకాశానికీ గట్లున్నాయి

"బిడ్డా, పేపర్ల విమానాల ముచ్చట రాసిండ్రట గదా! సీట్లు ఎక్కువ జేస్తరా? జర సూసి చెప్పు. మా చిన్నోడు ఈసారి సద్దుల బతుకమ్మకొస్తనంటుండు."

పొద్దున్నే పాలు పోస్తూ మా పాల అవ్వ అడిగిన ప్రశ్న ఇది. నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అవ్వకి చదువు రాదు. నేనేమో బి.ఏ. చదివి, ఇరవై ఏళ్లుగా నవలలు రాస్తున్నదాన్ని. నా నవలల్లో తక్కువలో తక్కువ అరడజనుమంది హీరోలు విదేశాల నుంచి విమానం దిగారు. హీరోయిన్ కళ్లు చెమర్చడం, హీరో చేతిలోని సూట్‌కేసు జారిపోవడం, అన్నీ శ్రద్ధగా రాశాను. ఆ విమానం ఇక్కడ దిగాలంటే ఎవరు ఎవర్ని అడగాలో మాత్రం ఏనాడూ రాయలేదు. ఏ హీరో నన్ను అడగనూ లేదు. విమానమన్నది వానలాగా దానంతట అదే పైనుంచి దిగుతుందనుకున్నాను కాబోలు!

"రేపు చెప్తాలే అవ్వా" అని తప్పించుకున్నాను. ఆ పూట వంట ఆలస్యమైతే అయిందని పాత పేపర్లన్నీ ముందేసుకు కూర్చున్నాను.

నాకు తెలిసిందేమిటంటే, మన పొలాలకున్నట్టే ఆకాశానికీ గట్లున్నాయి. 1944లో షికాగోలో చాలా దేశాల వాళ్లు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. ఏ దేశపు నేల మీది ఆకాశం ఆ దేశానిదే అన్నది అందులో మొదటి మాట. కాబట్టి పరాయి దేశపు విమాన కంపెనీ మన ఊళ్లో మనుషుల్ని దించి, ఎక్కించుకోవాలంటే ముందు రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకోవాలి. ఏయే ఊళ్లలో దిగాలి, వారానికి ఎన్ని సీట్లు అన్నది కాగితం మీద పెట్టుకోవాలి. ఆర్టీసీ బస్సు తిరిగే రోడ్డు మీద ప్రైవేటు బస్సువాడు రూటు పర్మిట్టు అడుగుతాడు చూడండి, ఇంచుమించు అలాంటిదే.

దుబాయి సంగతే చూడండి. ఎమిరేట్స్ అనే దుబాయి కంపెనీ 1985 అక్టోబరులో మొదలైంది. పాకిస్తాన్ కంపెనీ దగ్గర విమానాలు అద్దెకు తెచ్చుకుని నడిపారట. మొట్టమొదట ఎగిరిన ఊళ్లలో కరాచీతో పాటు మన బొంబాయి కూడా ఉంది. అలా అద్దె ఇంట్లో కాపురం పెట్టిన కంపెనీ పెరిగి పెరిగి ప్రపంచంలోని పెద్ద కంపెనీల్లో ఒకటైంది. 2014లో కుదిరిన లెక్క ప్రకారం మన వైపు కంపెనీలకూ, దుబాయి వైపు కంపెనీలకూ వారానికి సుమారు 66,000 సీట్ల చొప్పున వచ్చాయి. అవి చాలడం లేదు, ఇంకో 50,000 కావాలని 2022లో దుబాయి మనవాళ్లను అడిగింది. ఇప్పట్లో పెంచే ఆలోచన లేదని 2023లో మన విమానయాన మంత్రి చెప్పేశారు. కువైట్‌కి మాత్రం 2025లో 12,000 సీట్లను 18,000 చేశారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. సర్కారు వాదనలో న్యాయం లేకపోలేదు. దుబాయి విమానం ఎక్కినవాళ్లంతా దుబాయిలో దిగరు. అక్కడ ఇంకో విమానం మారి లండనుకీ, అమెరికాకీ పోయేవాళ్లు బోలెడుమంది. వాళ్లను మన విమానాలే నేరుగా తీసుకుపోతే ఆ డబ్బూ, ఆ ఉద్యోగాలూ మనకే మిగులుతాయి గదా! 2023లోనే ఎయిరిండియా 470 విమానాలకూ, ఇండిగో 500 విమానాలకూ ఆర్డర్లిచ్చాయి. మన పెరటిచెట్టు కాపుకొచ్చేదాకా పొరుగువాణ్ణి బుట్ట పట్టుకుని లోపలికి రానివ్వద్దన్న మాట. గృహిణిగా నాకు ఈ లెక్క బాగానే అర్థమైంది.

అయితే, అలా విమానం మారేవాళ్లలో నేనూ ఒకదాన్ని. మా చెల్లెలి పురుటికి డల్లాస్ వెళ్లాను. దుబాయి మీదుగా పోతే టికెట్టు అగ్గువని మావారు అటే కొన్నారు. శంషాబాద్‌లో ఎక్కేసరికి విమానం నిండా మావైపు మాటలే! నా పక్క సీట్లో జగిత్యాల దగ్గరి పల్లె కుర్రాడు. పాస్‌పోర్టును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు, సత్యనారాయణస్వామి ప్రసాదం పట్టుకున్నట్టు. బెల్టు పెట్టుకోవడం రాక నావంక చూశాడు. నేను పెట్టాను. కాసేపటికి ధైర్యం తెచ్చుకుని అడిగాడు.

"అమెరికా పోతున్రా అమ్మా? అయితే మీరు దుబాయిల దిగి మల్లెక్కుతరు. మేం దిగుడే."

దుబాయిలో నన్ను ఒక బాణం గుర్తు ఒకవైపు తీసుకుపోయింది, అతన్ని ఇంకో బాణం గుర్తు ఇంకోవైపు. వెనక్కి తిరిగి చూసేసరికి పెద్ద వరసలో కలిసిపోయాడు. అమెరికాలో ఉన్న మూడు నెలల్లో ఆ కుర్రాడు నాకు ఒక్కసారి కూడా జ్ఞాపకం రాలేదు. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

మా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు బతుకుతెరువును మూడు మాటల్లో చెబుతారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. మస్కట్ పోయినా, సౌదీ పోయినా మావాళ్లకు దుబాయి పోయినట్టే. 2016లో ఈ రెండు జిల్లాలూ నాలుగేసి జిల్లాలయ్యాయి గానీ ఆ మూడు మాటలు మారలేదు. నిర్మల్‌లో ఉన్న మా అక్క దగ్గరికి బస్సులో వెళ్తుంటే జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఎక్కడ చూసినా ట్రావెల్స్ బోర్డులే. అక్కావాళ్ల వీధిలో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని, చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. చాట పక్కన ఫోను. అందులో మొగుడు కనిపిస్తాడు, నవ్వుతాడు, పిల్లలను బడికి పంపావా అని గద్దిస్తాడు. పిల్లకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి మాత్రం వెయ్యలేడు.

మా అవ్వ కథ కూడా అంతే. రెండేళ్ల కిందట తాత పోయాడు. చిన్నకొడుక్కి కబురందింది. కంపెనీ సెలవివ్వడానికి రెండు రోజులు. కంపెనీ దాచిపెట్టిన పాస్‌పోర్టు చేతికి రావడానికి ఇంకో రోజు. తీరా అన్నీ కుదిరాక, అది దసరా ముందటి వారం. టికెట్టు మామూలు కంటే రెండింతలు పైన. స్నేహితులు తలా ఇంత వేసి కొనిచ్చారు. తొమ్మిదో రోజుకు వచ్చాడు. అప్పటికే పాలోళ్ల పిల్లవాడు అగ్గికుండ పట్టాడు.

"బిడ్డా, మా ఆయన మూడొద్దులు తలుపు దిక్కే సూసిండు" అని ఆ తర్వాత ఒకరోజు పాలు పోస్తూ అంది అవ్వ. అంతే. ఏడవలేదు.

సీట్లు పెంచితే ఇవన్నీ తీరిపోతాయని నేననను. పాస్‌పోర్టు దాచుకునే యజమాని వేరు, సీట్ల ఒప్పందం వేరు. పెంచినంత మాత్రాన పండగరోజుల్లో ధర దిగుతుందన్న హామీ కూడా లేదు. కానీ పేపర్లు చదువుతుంటే ఒకటనిపించింది. ఇంత వాదనా నాలాంటి వాళ్ల కోసమే జరుగుతోంది. దిగి మళ్లీ ఎక్కేవాళ్లు ఎవరి విమానం ఎక్కాలన్నది తగాదా. 'మేం దిగుడే' అన్నవాడి మాట నాకు కనబడలేదు. రెండు గట్ల మధ్య దారి మూసుకుపోతే పెద్దరైతు బండి చుట్టూ తిరిగైనా పోతుంది. నెత్తిన సద్దిగంప పెట్టుకున్న కూలిమనిషి ఎటు పోవాలి?

అనుమతి ఇస్తారో మానతారో, అది దేశాల వ్యవహారం. ఇచ్చిన రోజున మాత్రం ఆ కాగితంలో ఒక్క వాక్యం కలపలేరా? పండగ నెలలో, చావుకబురు వచ్చిన పూట, కూలివాడికి అందే ధరకు కొన్ని సీట్లు విడిగా ఉంచాలని? మనం పెళ్లిలో చివరి బంతివాళ్ల కోసం అన్నం, కూర ముందే తీసి పక్కన పెడతామా లేదా? ఆడవాళ్లం కాబట్టి మనకు తెలుసు. ముందు తీసి పెట్టకపోతే చివరికి ఏమీ మిగలదు.

మర్నాడు అవ్వ వచ్చింది. గిన్నె తెచ్చాను.

"సీట్లు ఇప్పుడిప్పుడే పెరిగేటట్టు లేవు అవ్వా. పండగ అయిపోయాక రమ్మను. అప్పుడైతే టికెట్టు అగ్గువ దొరుకుతుంది" అన్నాను, పెద్ద తెలివైన సలహా ఇచ్చినట్టు.

అవ్వ చెంబు వంచుతూ నావైపు చూసింది.

"పండుగైనంక వస్తె అది పండుగెట్లయితది బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. అవ్వ రోజూ లాగే కొలత అయ్యాక ఇంకాస్త కొసరు పోసి, పక్కింటి గుమ్మం ఎక్కింది.