సువా పట్టణము

దేశాంతరయాత్రలు చేయువారిలో కొందరు కన్నులకింపైన దానిని వెదకుదురు. కొందరు తమవారి జాడలను వెదకుదురు. పసిఫిక్ మహాసముద్రమునందలి ఫిజీ దీవుల రాజధానియగు సువాకు పోయినప్పుడు మేము రెండవ తెగకు చెందిన వారము. మన దేశమునుండి ఓడలపై కొనిపోబడిన కూలీల సంతతివా రక్కడ నున్నారని వినియుండుట చేతనే ఆ పయనమునకు పూనుకొంటిమి. కాని పట్టణములు మనము కోరినదానిని మాత్రమే చూపి యూరకుండవు. సువా మనవారి కథతోపాటు, ఆ కథ మరియెవరి నేలపై జరిగినదో గూడ చూపును.

ముందుగా ఊరి రూపము చెప్పవలెను. విటి లెవు అను పెద్ద దీవికి ఆగ్నేయమున, సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన భూశిరముపై ఈ పట్టణ మున్నది. తెల్లని యిసుక తీరములను గోరు విహారయాత్రికులు పడమటి దిక్కున నంది పట్టణమున విమానము దిగి, ఆ ప్రాంతముననే వినోదించి మరలిపోవుదురు. సువాకు అట్టి తీరము లేదు, ఉన్నది వాన. ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియును. అయినను చూడదగిన వెన్నియో కలవు. ఓడరేవు ప్రక్కనే పెద్ద సంత. అందు చేమదుంపలు, కర్రపెండలము, కొబ్బరికాయలు, యంగోనా అను మిరియపు జాతి మొక్క వేళ్లు రాసులుగా పోసి యమ్ముదురు. ఆ వేళ్లను దంచి నీట కలిపి, కొబ్బరిచిప్పతో అతిథికిచ్చుట ఆ దేశపు మర్యాద. సముద్రపుటొడ్డున 1914లో తెరచిన గ్రాండ్ పసిఫిక్ హోటలు. దాని కెదురుగా ఆల్బర్ట్ పార్కు. 1928లో కింగ్స్‌ఫర్డ్ స్మిత్ హవాయి దీవులనుండి ఎగిరి వచ్చి తన విమానమును దింపినది ఈ మైదానముననే. సమీపపు తోటలోని వస్తు ప్రదర్శనశాలలో బౌంటీ యను ప్రసిద్ధ నౌక యొక్క చుక్కాని కలదు.

ఇట్టి పట్టణము రాజధాని యెట్లయ్యెనో తెలిసికొనిన వారికి అప్పు యొక్క మహిమ తెలియును. సువాకు తూర్పున సముద్రములో నుకులౌ అను చిన్న దీవి కలదు. అమెరికా ప్రతినిధి యగు జాన్ బ్రౌన్ విలియమ్సు అచ్చట కాపురముండెను. 1849 జూలై 4న తమ స్వాతంత్ర్యదినపు టుత్సవములో అతని యిల్లు కాలిపోయెను. కొందరు దీవివాసులు సామానులు కొనిపోయిరి. నష్టపరిహార మీయవలసినవాడు థాకొంబౌ ప్రభువని అమెరికనులు తీర్మానించిరి. మొదట సుమారు 5,000 డాలర్లుగానున్న బాకీ, ఇతర అమెరికనుల ఫిర్యాదులతో గూడి, కొలది యేండ్లలో 40,000 డాలర్లను దాటెను. యుద్ధనౌకల బెదరింపుతో పెరిగిన ఆ బాకీని తీర్పగలవాడు ఆ దీవులలో నెవ్వడును లేడు. తుదకు 1868లో మెల్బోర్ను నగరపు పాలినీషియా కంపెనీవారు అప్పు తీర్తుమని చెప్పి, 2,00,000 ఎకరముల భూమికి హక్కు పొందిరి. సువా అందు చేరినది.

కంపెనీ భూమిపై దిగినవారు ప్రత్తి వేసిరి, ధర పడిపోయెను. చెరకు వేసిరి, నేల పలచనిది, ఫలింపలేదు. 1874 అక్టోబరు 10న ఫిజీ బ్రిటిషువారి వశమయ్యెను. అప్పటి రాజధానియగు లెవూకా కొండకును సముద్రమునకును నడుమ నిరుకుకొని, పెరుగుటకు చోటులేని యూరు. పంట పండని నేలను అమ్ముకొనదలచిన థామ్సను, రెన్విక్ అను వర్తకులు సువాలో కొంత భూమిని ప్రభుత్వమున కిత్తుమనిరి. 1882లో రాజధాని సువాకు మారెను. ఆ వర్తకుల పేర్లు నేటికిని ముఖ్యవీథుల కున్నవి. అనాదిగా అచ్చట నివసించిన గ్రామస్థులను మాత్రము అఖాతమున కావలి యొడ్డునకు పంపివేసిరి. వారి యూరి పేరు సువావొవు. అనగా క్రొత్త సువా. పాత సువా పేరు నగరమునకు దక్కెను. ఆ పేరుగలవారు నగరమును ఎదుటి యొడ్డునుండి చూచుచుండిరి.

ఇక మనవారు. లియోనిడాస్ అను ఓడ 1879 మే 14న 463 మంది కూలీలతో కలకత్తానుండి లెవూకా చేరెను. 1916 వరకు ఇట్లు 60,000 మందికి పైగా వచ్చిరి. 1903 మొదలు మదరాసు రేవునుండియు ఓడలు సాగెను. వానిలో తెలుగువారును తమిళులును మలయాళులును కలరు. ఓడ దిగిన వారిని అంటువ్యాధుల భయముచే మొదట నుకులౌ దీవిలోనే నిలిపి, పిమ్మట చెరకు తోటలకు పంచిపెట్టెడివారు. అయిదేండ్ల యెగ్రిమెంటు, ఆ మాటయే వారి నోట గిర్‌మిట్ ఆయెను. కూలి పురుషునకు దినమునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు. ప్రతి 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలు మాత్రమే కొనిపోబడిరి. ఆ కొరతవలన గలిగిన కలహములకును దుర్మరణములకును దొరలు ఆ స్త్రీల నడవడినే నిందించిరి. మన దేశమున కొందరు పెద్దలును ఆ మాటనే నమ్మిరి. లెక్క నిర్ణయించినవానిది నేరము కాదట, లెక్కకు చిక్కినదానిది నేరమట! ఆ స్త్రీలే 1920లో సువాలో ధరలు పెరిగి బ్రతుకు దుర్భరమైనప్పుడు సమ్మెలో ముందు నిలిచిరి. న్యాయవాది మణిలాలు భార్య జయకుమారి వారికి నాయకురాలు. సమ్మె ముగిసిన పిమ్మట ఆ దంపతులు దేశము విడిచి పోవలసివచ్చెను.

ఓడలో అందరును ఒక్క వంటనే తినవలసివచ్చుటచే జాతిభేదములు సముద్రములో మునిగినవని కొందరు సంస్కర్తలు సంతోషింతురు. మే మంత సంతోషింపజాలము. సహపంక్తి భోజనము ఇష్టపూర్వకమైనప్పుడే సంస్కారము. ఆకలిచే నిర్బంధింపబడినప్పుడు అది బానిసత్వపు గుర్తు. అయినను ఆ నిర్బంధము తొలగిన పిమ్మట గూడ, ఆ జనులు పాత గోడలను మునుపటివలె తిరిగి కట్టుకొనలేదు. అది వారి ఘనత. ఓడ యజమానులది కాదు.

సంతలో కూరలమ్ము నొక వృద్ధురాలితో మాటాడితిమి. ఆమె తాత మదరాసు ఓడలో వచ్చిన తెలుగువాడు. ఆమెకు తెలుగున నాలుగైదు మాటలు మాత్రమే మిగిలినవి. ఫిజీ హిందీలో మాటాడెను. "అమ్మా, మీ దేఊరు?" అని యడిగితిమి. విశాఖపట్టణమనియో గోదావరియనియో చెప్పునని యెదురుచూచితిమి. ఆమె కొంచెము వింతగా చూచి, "సువాయే గదా, బాబూ" అనెను. పిల్లలు న్యూజిలాండున నున్నారట; రమ్మని పిలుచుచున్నారట. "2000లో దుకాణములు తగులబెట్టిన నాడు గూడ పోలేదు. ఇప్పు డెందుకు?" అని ప్రక్కనున్న ఫిజీ స్త్రీని చూపెను. ఆనాడు ఆమె బుట్టలను తన యింట దాచినది ఈ పొరుగుదియే యట.

ఆ మాట యొక్క బరువు తెలియుటకు రాజకీయములను స్మరింపవలెను. 1970 అక్టోబరు 10న, అనగా దేశమును పరుల కప్పగించిన తేదీనాడే, ఆల్బర్ట్ పార్కులో స్వాతంత్ర్యోత్సవము జరిగెను. భూమిలో నూటికి 80 పాళ్లకు పైగా ఆదివాసుల వంశముల ఉమ్మడి సొత్తు, దాని నమ్మరాదు. భారతీయ రైతు కౌలుదారుడు. నేల తమది కాదన్న భయము వీరిది. నేల దక్కినను రాజ్యము దక్కదేమో యన్న భయము వారిది. 1987లో బవాంద్రా మంత్రివర్గము భారతీయుల బలముతో నేర్పడెను. మే 14న, మొదటి ఓడ వచ్చిన దినముననే, రంబూకా అను సేనాని సైనికులతో శాసనసభలో చొచ్చి ప్రభుత్వమును కూల్చెను. 2000 మే 19న స్పెయిట్ అనువాడు మహేంద్ర చౌదరి ప్రధానిని తోటి సభ్యులతో 56 దినములు బంధించెను. తుదకు తానే నుకులౌ దీవిలో బందీ యయ్యెను. 2006లో మరల సైన్యము రాజ్యము నపహరించెను. వేలకొలది భారతీయులు దేశము విడిచిరి. 1966లో జనసంఖ్యలో సగముగా నుండినవారు 2007 నాటికి నూటికి 38 మందికంటె తక్కువైరి. 2013 నాటి రాజ్యాంగము మాత్రము పౌరులందరిని ఫిజియనులని పిలిచినది. 2022 ఎన్నికల పిమ్మట ప్రధానియైన ఆ రంబూకాయే, 2023 మే 14న సువాలో గిర్‌మిట్ కూలీల సంతతివారి యెదుట నిలిచి 1987 నాటి చర్యకు క్షమాపణ కోరెను.

ఒక్క క్షమాపణచే పోయినవారు తిరిగిరారు. దానిని మేము తక్కువచేయము. దేశముల చరిత్రలో బలవంతుడు తాను బ్రతికియుండగా తన నోట క్షమింపుమనుట అరుదు. కాని క్షమాపణ అందుకొన్నవారిపై గూడ నొక కర్తవ్య ముండును. తమ బాధను తలచుకొనునప్పుడు సువావొవు గ్రామస్థుల బాధనుగూడ తలచుకొనుట ఆ కర్తవ్యము. కూలీని తెచ్చినవాడును, గ్రామమును కదలించినవాడును ఒక్కడే. తగవు మాత్రము కదలింపబడినవారికిని తేబడినవారికిని మిగిలినది.

సువాకు పోవు చదువరులకు మేము చెప్పునది యిది. ప్రదర్శనశాల చూడుడు, సంత చూడుడు, వానలో తడియుడు. నేడు జనులు వనభోజనములకు పోవు నుకులౌ దీవికి పడవలో పొండు. ఒక అప్పును, వేల కూలీలను, ఒక బందీని చూచిన యిసుక అది. పిదప అఖాతము చుట్టి సువావొవునకును పొండు. మనవారి నెట్లు చూచుచున్నారని అక్కడివారి నడుగుటకు ముందు, మన ఊళ్లలో పొరుగు దేశమునుండి కూలికి వచ్చినవానిని, ఆనకట్టకై ఊరు విడిచినవానిని మన మెట్లు చూచుచున్నామో విచారింపుడు. ఆ విచారణ లేనియెడల ఎంత దూరము పోయినను అది విహారయాత్రయే యగును.