నల్లమల నీడలో క్షయరోగి పథ్యము

తూర్పున నల్లమల కొండలు, నడుమ కుందూనది, దాని కిరుప్రక్కల పచ్చని వరిమళ్లు గల సీమ నంద్యాల. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన నీ పట్టణము తన పేరిటి జిల్లాకు ముఖ్యస్థానమయ్యెను. చుట్టును నవనందులు వెలసియున్నవి. అందు మహానంది కోనేటినీరు అడుగున బడిన కాసునుగూడ చూపునంత నిర్మలము. ఇచ్చటినుండి సిరివెళ్ళ మీదుగా సుమారు 40 కిలోమీటర్లు పోయినచో ఆళ్ళగడ్డ, అటుపైని అహోబిలము. యాత్రకు వచ్చు సోదరీమణులు సాధారణముగా దైవదర్శనము చేసికొని మరలిపోవుదురు. ఈ ప్రాంతపు గృహములుగూడ చూడదగినవియే.

ఆళ్ళగడ్డ శిల్పులకు పేరుగన్న యూరు. బాటప్రక్క పందిళ్లలో నులిచప్పుడు వినవచ్చుచునే యుండును. బండనుండి దేవతామూర్తి వెలువడుట చూడ కన్నులపండువు. కాని యా యులిదెబ్బకు లేచు సన్నని ధూళి మంచిది కాదు. రాతిధూళిలోని సిలికా యేండ్లకొలది ఊపిరితిత్తులలో జేరినచో నవి గట్టిపడి క్షయకు సులభముగా లోబడును. ముక్కునకు ముసుగు, రాతికి నీటితడి, ఈ రెండును ఉలివలెనే శిల్పికి పనిముట్లని తలపవలెను.

ఒక యింట క్షయకు మందు పుచ్చుకొనుచున్న యువకుని జూచితిని. అతని తల్లి గూటిలోని సీసా చూపి, "యాంటీ ఆక్సిడెంటు మాత్రలంట అక్కా, బలమని చెప్పినారు. ఇవి కొన్నప్పటినుంచి దుడ్డు చాలక పాలు, గుడ్లు తగ్గించినాము" అనెను. ఇట్టి తల్లు లెందఱో యుందురు గనుక ఈ విషయము వివరింపదగియున్నది.

ఆ మాత్రల వెనుకనున్న యూహ నిరాధారము కాదు. క్షయక్రిములతో పోరునపుడు మన రక్తములోని తెల్లకణములు తీక్ష్ణమైన ఆక్సిజన్ పదార్థములను వెదజల్లును. అవి క్రిములనేగాక ఊపిరితిత్తుల మెత్తని పొరలనుగూడ గాయపఱచును. ఆ తీక్ష్ణతను తగ్గించునవి యాంటీ ఆక్సిడెంట్లు. సి, ఇ విటమినులు వీనిలోనివే. 2013లో అమెరికా శాస్త్రజ్ఞులు, పరీక్షశాలలో పెంచిన క్షయక్రిములు విటమిన్ సి వలన నశించుట కనుగొనిరి. అయినను గాజుపాత్ర వేఱు, మనుష్యదేహము వేఱు. రోగులపై జరిగిన పరిశోధనలను 2016లో క్రోడీకరించి చూడగా, దినావసరమునకు మించి విటమినులు, ఖనిజములు మాత్రలుగా నిచ్చుటచే స్పష్టమైన మేలు కానరాలేదు. ఐసోనియాజిడ్ వలన కాళ్లుచేతులు తిమ్మిరెక్కకుండ వైద్యు లిచ్చు విటమిన్ బి6 సంగతి వేఱు, దానిని మానరాదు.

మన రాయలసీమయందే మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయచికిత్సాలయము వెలసినది. క్రిమిని జంపు మందు లేని యా దినములలో విశ్రాంతి, మంచిగాలి, పుష్టికరమైన ఆహారము, ఇవియే చికిత్స. తరువాత మందులు వచ్చెను. 1959లో ప్రకటితమైన మద్రాసు పరిశోధనలో, బీదయిండ్లలో కొఱతయాహారముతో నుండి మందు సేవించినవారును చికిత్సాలయమున నున్నవారివలెనే కోలుకొనిరి. కావున మందే ప్రధానము. అట్లని యన్నమును తక్కువగా నెంచరాదు. జార్ఖండ్‌లో క్షయరోగుల కుటుంబములకు నెలనెలా బియ్యము, పప్పు, విటమినులు ఇచ్చి చూడగా, ఇంటిలోని తక్కినవారికి క్షయ సోకుట నూటికి 39 వంతులు తగ్గెనని 2023లో వెల్లడియయ్యెను. రోగిని బ్రతికించునది మందు. ఇంటిని కాపాడుటలో అన్నమునకును పాలుగలదు.

ఈ సీమలో ఆ యన్నమునకు లోటు లేదు. నంద్యాల బియ్యము, కందిపప్పు, జొన్నరొట్టె, కొఱ్ఱలు బలమునిచ్చును. వేరుసెనగలో విటమిన్ ఇ గలదు. ఉసిరిక, జామ విటమిన్ సికి నిధులు. మునగాకు పెరటిలోనిదే. గుడ్డు, పాలు సాధ్యమైనంతవఱకు ఇండ్లలో నుంచవలెను. సీసాలోని యాంటీ ఆక్సిడెంట్లు పళ్లెములో చౌకగా దొరకుచున్నవి.

సర్కారు ఆసుపత్రులలో క్షయమందు లుచితము. ఆహారమునకై 2018 నుండి రోగికి నెలకు 500 రూపాయలిచ్చుచుండి, 2024 నవంబరునుండి 1,000 రూపాయలు చేసిరి. ఆ సొమ్ము గుడ్లకును పప్పునకును చెందవలెగాని సీసాలకు గాదు. రిఫాంపిసిన్ వలన మూత్రము ఎఱ్ఱబడినచో బెదరనక్కఱలేదు. కన్నులు పసుపుబాఱినచో మాత్రము వెంటనే వైద్యునికి జూపవలెను. నాటుమందైనను, బలపుమాత్రయైనను వైద్యునికి దెలుపక వాడరాదు. సామాన్యక్షయకు చికిత్స ఆఱునెలలు. రెండవ నెలకే దగ్గు తగ్గినదని మందు మానినచో రోగము మొండికెత్తును. రెండువారములు విడువని దగ్గున్న వారెవ్వరైనను కళ్లె పరీక్ష చేయించుకొనవలెను.

సోదరీమణులారా! వంటయింటి తాళపుచెవి మీ కొంగుననే యున్నది. మొదట మందు, దానితోడనే కడుపునిండ నన్నము, ఆపైని వైద్యుడు చెప్పినచో మాత్ర. ఈ వరుస తప్పనీయకుడు.