అకారాది క్రమం

2023 డిసెంబరు 27. ఆ ఉదయం మా నస్పూరులో సంక్రాంతి ముందుగానే వచ్చినట్లుండినది. సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికలు! నక్షత్రం, గడియారం గుర్తుల జెండాల నడుమ శ్రీరాంపూర్ ఏరియా కార్మికులు ఓటుకు బారులు తీరినారు.

1998లో తొలిసారి రహస్య ఓటు జరిగినప్పుడు ఓటర్లు లక్షకు పైమాటే. ఇప్పుడు 40 వేల లోపు. ఓపెన్‌కాస్టులు పెరిగినవి, మట్టి తీత, రవాణా వంటి పనులెన్నో కాంట్రాక్టర్ల పరమైనవి. ఆ లారీలూ టిప్పర్లూ నడిపేవారికి ఈ ఎన్నికలో ఓటు లేదు. కంపెనీ పద్దులో పేరున్నవారికే ఓటు.

టీకొట్టు వద్ద నా పూర్వ విద్యార్థి ఒకడు కనిపించి, "సారూ, నేను గూడ బొగ్గే మోసిన గద, నాకెందుకు లేదు ఓటు?" అన్నాడు. కార్మిక శబ్దానికి వ్యుత్పత్తి చెప్పగలను గాని ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతిని. వాని ముఖం చూచుటకే నాకు వెరపు. కారణమున్నది.

కొన్నేళ్ల క్రితం పన్నెండుగురు టిప్పర్ డ్రైవర్లు నా ఇంటికి వచ్చిరి. రెండు నెలలుగా జీతం లేదు, కాంట్రాక్టరుకు అర్జీ వ్రాయుమన్నారు. నేను "మహారాజశ్రీ" మొదలుకొని రెండు పుటలు సమాసాలతో నింపితిని. వీడు చదివి, "పైసల ముచ్చట యాడున్నది సారూ?" అన్నాడు. అందరూ నవ్విరి, నేనూ నవ్వితిని. మరల నాలుగు వాక్యాలలో వ్రాసితిని. అంతటితో ఆగినా బాగుండును. పండితుని అలవాటు పోనిస్తుందా? సంతకాలు అకారాది క్రమంలో ఉండవలెనని పట్టుబట్టితిని. వీని పేరు అకారంతో మొదలు.

వారం తిరగకముందే జీతాలు వచ్చినవి. మొదటి పేరు వానికి మాత్రం బండి తాళం ఇవ్వలేదు. వాడే నాయకుడని అనుకున్నారట. మిగిలిన పదకొండుగురూ తలలు వంచుకొని బండ్లెక్కినారు. వారిని తప్పుపట్టను; వారి పక్షాన అడిగే సంఘం లేదు. వాడు నన్నొక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆ రాత్రి లెక్కింపులో ఏఐటీయూసీ గెలిచినది. మా ఏరియాలోనూ వారే. వీధిలో టపాసులు మ్రోగినవి.

మరి కొన్నాళ్లకు వాడు మళ్లీ వచ్చినాడు, వెంట తొమ్మిదిమంది. ఇప్పుడు వేరొక కాంట్రాక్టరు, పీఎఫ్ పేచీ. కాగితం ముందుపెట్టి, "ఈపాలి పేర్లు గుండ్రంగ రాద్దాం సారూ, మొదలెవరో తెల్వకుంట" అన్నాడు.

నేను వంటింట్లోకి పోయి, గీత గీయుటకు పళ్లెం తెచ్చితిని.